డెడ్‌వుడ్‌కు తెలుగు సబ్‌టైటిళ్లు: ‘మీరు’, ‘నువ్వు’ లెక్క తేలేదాకా

ఇంగ్లీషు సీరియల్‌కు తెలుగు సబ్‌టైటిళ్లు రాసుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ పెడుతున్నాను. నాకు ఎక్కడ పని చెడిందో, ఏం మార్చానో, ఎందుకు మార్చానో ఇందులో ఉంటుంది. సీరియల్ డెడ్‌వుడ్. డేవిడ్ మిల్చ్ తీశాడు, హెచ్‌బీఓలో 2004 నుంచి 2006 దాకా వచ్చింది. మూడు సీజన్లు, సీజన్‌కు 12 చొప్పున 36 భాగాలు. కథ 1876లో, అప్పటికి రాష్ట్రం కాని అమెరికా ప్రాంతం డకోటా టెరిటరీలోని బ్లాక్ హిల్స్ కొండల్లో, బంగారం కోసం జనం ఎగబడి కట్టుకున్న బురద వాడలో మొదలవుతుంది.

చూసేవాళ్లు ఇద్దరు, మా బాపు, మా అమ్మ. బాపు మందమర్రి వైపు బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బాయి లోపల పైకప్పు దిగకుండా కర్రలు నిలబెట్టే పని. వయసు మీద పడ్డాక చెవులు సరిగా వినిపించట్లేదు, ఇంగ్లీషు రాదు. తెలుగు పేపరు మాత్రం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతాడు. నా దగ్గరున్న డిస్కుల సెట్టుకు, ఇంట్లో చూసుకోవడానికి మాత్రమే ఈ పని.

దశ 1: చదివే వేగం కొలవడం

సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాను. సెకనుకు ఎన్ని అక్షరాలు పడుతున్నాయో అది చూపిస్తుంది, హద్దు దాటితే ఎర్ర రంగు వేస్తుంది. నా ఫైలు దాదాపు మొత్తం ఎర్రగానే వచ్చింది. రెండు రోజులు వాక్యాలు కోస్తూ కూర్చున్నాక కారణం దొరికింది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకు అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇంగ్లీషుకు పెట్టిన హద్దు తెలుగుకు పనికిరాదు.

నేను చేసింది:

1. పైథాన్‌లో పది వరుసల చిన్న ప్రోగ్రాం రాశాను. అచ్చులనూ హల్లులనూ లెక్కపెడుతుంది. పొల్లు గుర్తు వెంటనే వచ్చిన హల్లును వదిలేస్తుంది. గుణింతం గుర్తులను పట్టించుకోదు. దానికి ‘స్త్రీ’ ఒకటి, ‘హార్డ్‌వేర్’ నాలుగు.
2. 40 సబ్‌టైటిళ్లు ఒక్కొక్కటే తెర మీద వేశాను. చదవడం అయిపోగానే బాపు కుర్చీ చెయ్యి మీద తట్టాలి. స్టాప్‌వాచీ నా చేతిలో.
3. మామూలు వాక్యాలకు సెకనుకు 7 అక్షరాలు వచ్చాయి. ఒత్తులూ ఇంగ్లీషు పేర్లూ ఉన్నవాటికి 5కు పడిపోయింది.
4. హద్దు సెకనుకు 6 అని ఖాయం చేశాను. వరుసకు 18 అక్షరాలు, రెండు వరుసలు మించకూడదు.

మొదటి భాగం తొలి ప్రతిలో 912 సబ్‌టైటిళ్లుంటే 371 హద్దు దాటాయి. పక్కపక్కవి కలిపి, పొడుగువి కుదించి 764కు తెచ్చాను. అప్పటికీ 22 దాటుతూనే ఉన్నాయి. అన్నీ ఒక్కడివే: జెమ్ అనే సారాకొట్టు యజమాని ఆల్ స్వేరెంజెన్. అతను ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు.

దశ 2: విరిగిన అక్షరాలు

పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. ఫాంటు మారిస్తే సరిపోతుందనుకుని నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర మూడూ ప్రయత్నించాను. మూడింటిలోనూ అదే తంతు. లోపం ఫాంటుది కాదు. అక్షరాలను కూర్చే పని ఆ టీవీకి రాదు, అంతే.

1. ఫైలును యూటీఎఫ్-8లో దాచాలి.
2. సబ్‌టైటిల్‌ను టీవీకి వదలకుండా బొమ్మలోనే అచ్చేయాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఏఎస్‌ఎస్ ఫిల్టర్ వాడి, షేపింగ్ అన్నచోట ‘కాంప్లెక్స్’ అని ఇవ్వాలి.
3. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. రెండు వరుసల మధ్య చాలా చిన్న సైజులో ఒక ఖాళీ వరుస పెట్టాలి.
4. ఈ సీరియల్లో సగం కథ దీపాల వెలుతురులో, మిగతా సగం బురదలో నడుస్తుంది. తెల్ల అక్షరానికి మందంగా నల్ల అంచు లేకపోతే కనబడదు.

నా ఫాంటు చివరికి మండలి.

ఇప్పటిదాకా: 1 భాగం, 764 సబ్‌టైటిళ్లు, 64 గంటలు.

దశ 3: మొదటి హెచ్చరిక, నేను పట్టించుకోనిది

మొదటి భాగం వేసి చూపించాను. న్యూయార్క్ నుంచి వచ్చిన బ్రామ్ గారెట్ అనే డబ్బున్న కుర్రవాడికి స్వేరెంజెన్ ఒక గోల్డ్ క్లెయిం, అంటే బంగారం తవ్వుకోవడానికి హద్దు పాతుకున్న నేల, అంటగడతాడు. 20,000 డాలర్లు. ధర పెంచడానికి హోటలు యజమాని ఫార్నమ్ పోటీ బేరగాడిలా నటిస్తాడు. నిజానికి అతను స్వేరెంజెన్ చేతి కిందివాడు.

ఫార్నమ్ స్వేరెంజెన్‌తో మాట్లాడే ప్రతి మాటకూ నేను ‘దొరా’ అని, ‘తమరు’ అని పెట్టాను. ఒంటరిగా ఉన్నప్పుడూ అదే, బ్రామ్ వింటున్నప్పుడూ అదే. బాపు అడిగాడు: “గీ ఫార్నమ్ ఎవని మనిషో మాట వింటెనే ఎర్కైతుంది గద బిడ్డా. మరి ఆ పిలగానికి ఎట్ల ఎర్క కాలే?”

ఇంగ్లీషులో ‘యు’ ఒక్కటే. దాని చాటున ఎవరు ఎవరి మనిషో దాచుకోవచ్చు. తెలుగులో ఆ చాటు లేదు. నోరు తెరిస్తే చుట్టరికం, హోదా, చనువు అన్నీ బయటపడతాయి. కుట్ర మీద నడిచే కథకు ఇది చావు దెబ్బ. నేను ఆ ఒక్క సీను మార్చి, బ్రామ్ ముందు ఫార్నమ్‌తో పొడిగా ‘మీరు’ అనిపించి ముందుకెళ్లాను. ఆరోజే ఆగి పట్టిక వేసుకుని ఉంటే ఈ డైరీలో సగం ఉండేది కాదు.

మొదటి సీజన్ 12 భాగాలూ అలాగే, ఏ వాక్యానికి ఆ వాక్యం తోచినట్టు రాసుకుంటూ పూర్తిచేశాను. రెండో భాగానికి 33 గంటలు పడితే, చివరివాటికి సగటున 22 సరిపోయాయి.

ఇప్పటిదాకా: 12 భాగాలు, 9,012 సబ్‌టైటిళ్లు, 328 గంటలు.

దశ 4: ఎవరు ఎవరిని ఏమంటారు

ఇక్కడే మొత్తం తిరగరాశాను.

బ్రామ్ చనిపోతాడు. స్వేరెంజెన్ మనిషి డాన్ డోరిటీ అతన్ని కొండ మీదినుంచి తోసేస్తాడు. భార్య ఆల్మాకు ఆ క్లెయిం మిగులుతుంది, అది నిజంగానే సిరిగల నేలని తేలుతుంది. ఆమెకు సాయపడేవాడు సేథ్ బులక్. మోంటానాలో మార్షల్ ఉద్యోగం వదిలి, స్నేహితుడు సాల్ స్టార్‌తో ఇనప సామాన్ల కొట్టు పెట్టుకోవడానికి వచ్చాడు. వాళ్లిద్దరి మధ్య ప్రేమ మొదటి సీజన్ అంతా పైకి రాకుండా పెరిగి, ఆఖరి భాగంలో బయటపడుతుంది. ఆ నిగ్రహమే ఆ సీజన్ అందం.

నా ఫైల్లో బులక్, ఆల్మా ఒకరితో ఒకరు అనుకున్నవి వెతికాను. 214 వచ్చాయి. 119 చోట్ల మీరు, 63 చోట్ల నువ్వు, 32 చోట్ల ఏదీ లేదు. ఆరో భాగంలో నువ్వు అనేసినవాళ్లు ఎనిమిదో భాగంలో మళ్లీ మీరు అంటున్నారు. ఎప్పుడో జరగాల్సింది ముందే జరిగిపోయి, మళ్లీ జరగనట్టు అయింది. ఆరు భాగాల ఓపికను నా క్రియాపదాలు పాడుచేశాయి.

వెతికి మార్చే మీటతో ఇది కుదరదు. ‘వస్తావా’, ‘వస్తారా’, ‘చెప్పు’, ‘చెప్పండి’, ‘నీ’, ‘మీ’, మర్యాద అంతా ప్రత్యయాల్లో ఉంటుంది. పైగా ‘మీరు’ బహువచనం కూడా. నేను పట్టిన దారి:

1. ఏజీసబ్ అనే ఇంకో సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి సబ్‌టైటిల్‌కూ నటుడి పేరు రాసే గడి ఉంటుంది. అందులో మాట్లాడేవారి పేరు, బాణం గుర్తు, వినేవారి పేరు రాయాలి. ఇద్దరు ముగ్గురు వింటుంటే ‘గుంపు’ అని.
2. ఆ గడిని బట్టి వడపోసి, ఒక జంట మాటలన్నీ వరుసగా చదవాలి. పక్క సీన్లు అడ్డం రావు, మర్యాద ఎక్కడ జారిందో వెంటనే కనబడుతుంది.
3. కాగితం మీద పట్టిక గీయాలి. జంటకు ఒక వరుస. మూడు గడులు: ఒంటరిగా, నలుగురిలో, ఏ భాగంలో మారుతుంది.
4. ‘అతను, వాడు, ఆయన’, ‘ఆమె, ఆవిడ, అది’ కోసం వేరే పట్టిక. దీన్ని నేను ఆలస్యంగా చేర్చాను. ముందే చేర్చండి.

పట్టికలో నాకు ఎక్కువ రోజులు పట్టినవి ఇవి.

బులక్, ఆల్మా: మొదటి సీజన్ మొత్తం ఇద్దరూ మీరు. ఆఖరి భాగం నుంచి ఒంటరిగా ఉన్నప్పుడు ఇద్దరూ నువ్వు, తలుపు దాటగానే ఇద్దరూ మీరు. అతను నువ్వు, ఆమె మీరు అని ఒక ప్రతిలో పెట్టి చూశాను. మన ఇళ్లలో మొగుడూ పెళ్లాల మాట అలా ఉంటుంది కాబట్టి, చదవగానే ఆల్మా అతని భార్య అయిపోయింది. తీసేశాను.

బులక్, మార్తా: రెండో సీజన్ మొదట్లో ఆమె కొడుకు విలియంతో కలిసి దిగుతుంది. ఆమె బులక్ తోబుట్టువు రాబర్ట్ భార్య. రాబర్ట్ చనిపోయాక బులక్ ఆమెను పెళ్లాడాడు. చరిత్రలో ఇలా లేదు, అసలు సేథ్ బులక్ 1874లో మార్తాను మామూలుగానే పెళ్లి చేసుకున్నాడు. ఆల్మా కూడా కల్పిత పాత్రే. కథలో మాత్రం ఇది బాధ్యత కోసం జరిగిన పెళ్లి. అందుకని ఇద్దరూ మీరు అనుకుంటారు. భార్యాభర్తలు మీరు మీరు, ప్రేమికులు నువ్వు నువ్వు. ఈ ఒక్క నిర్ణయంతో, ఎవరి ఇంట్లో ఎంత దూరం ఉందో వేరే చెప్పనక్కర లేకుండా పోయింది.

చిక్కు ‘బ్రదర్’ దగ్గర వచ్చింది. తెలుగులో అన్నా, తమ్ముడా తేల్చకుండా వాక్యం నడవదు. అన్న అంటే మార్తా వదిన అవుతుంది. వదినను తల్లి తర్వాత తల్లిగా చూసే ఇళ్లలో ఆ పెళ్లి మాట వినగానే మనసు ఇంకో దారి పడుతుంది. తమ్ముడు అంటే ఆమె మరదలు, మాట తేలికైపోతుంది. రెండూ కథలో లేని బరువును తెచ్చేవే. ‘తోడబుట్టినవాడు’ అని పెట్టాను. నాలుగైదు అక్షరాలు ఎక్కువైనా సరే, ఆ సీన్లలో మాటలు నెమ్మదిగానే ఉన్నాయి.

ట్రిక్సీ: జెమ్‌లో పనిచేసే వేశ్య. ఆల్మాకు మత్తుమందు అలవాటు. అది మానకుండా చూడమని స్వేరెంజెన్ ట్రిక్సీని ఆమె దగ్గరకు పంపుతాడు. ట్రిక్సీ దానికి ఎదురుతిరిగి, మానడానికే సాయం చేస్తుంది. నడిచే కుట్రను ఒక మనిషి మంచితనం విరగ్గొట్టే చోటు అది. మొదట ఆమె ఆల్మాను ‘అమ్మగారూ’ అంటుంది. మాన్పించే రాత్రుల నుంచి ఆ మాట తీసేసి, మీరు మాత్రం ఉంచాను. ఊళ్లో మగవాళ్లందరూ ట్రిక్సీని నువ్వు అంటారు, అంతకన్నా తక్కువగానూ పిలుస్తారు. సాల్ స్టార్ ఒక్కడే మీరు అంటాడు. వాళ్లు దగ్గరయ్యాక కూడా, రెండో సీజన్‌లో అతను ఆమెకు లెక్కలు రాయడం నేర్పేటప్పుడు కూడా మార్చకూడదని రాసిపెట్టుకున్నాను. ఆమెకు ఆ ఊళ్లో దొరికిన మొదటి మర్యాద అది.

మొత్తం 1,480 సబ్‌టైటిళ్లు మారాయి. 71 గంటలు పట్టింది.

ఇప్పటిదాకా: 12 భాగాలు, 9,012 సబ్‌టైటిళ్లు, 399 గంటలు.

దశ 5: తిట్లు

ఈ సీరియల్లో తిట్టు లేని నిమిషం ఉండదు. ఆ కాలంలో జనం తిట్టుకున్నవి ఎక్కువగా దైవదూషణలు, ఇప్పుడు అవి వింటే నవ్వొస్తుందని మిల్చ్ కావాలనే నేటి బూతులు వాడాడు. కాబట్టి నేను పాత గ్రాంథిక తిట్లు వెతకడం తప్పు. ఒక వారం ఆ తప్పు చేశాను.

అమ్మ పక్కన కూర్చుంటుంది కదా అని ముందు అన్నీ చుక్కలు పెట్టాను. బాపు రెండు నిమిషాలు చూసి, “బాయిల తిట్లు లేకుంట పని నడుస్తదా? రాయి బిడ్డా” అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. తర్వాత పెట్టుకున్న నియమాలు:

1. కులం పేరుతో వచ్చే తిట్టు ఒక్కటి కూడా ఉండకూడదు. మన వాడుక తిట్లలో ఇవి ఎన్నున్నాయో ఏరుతుంటే తెలిసి మనసు కష్టపడింది.
2. లయ కోసం దొర్లే తిట్టును ముందు తీసేయాలి. స్వేరెంజెన్ 22 పొడుగు మాటల్లో 17 ఇలాగే హద్దులోకి వచ్చాయి.
3. బెదిరింపు మోసుకొచ్చే తిట్టును ఉన్న బరువుతో ఉంచాలి.
4. అక్కడి ఆదివాసులైన లకోటాల మీద విసిరే తిట్టు మాటలను అనేవాడి నోట్లోనే ఉంచాలి. మామూలుగా ప్రస్తావన వచ్చినచోట ‘లకోటాలు’ అనే రాయాలి.

దశ 6: పట్టా కాదు

మైనింగ్ క్లెయింకు మొదటి సీజన్ అంతా ‘పట్టా’ అని రాశాను. పొట్టి మాట, అందరికీ తెలిసిన మాట. రెండో సీజన్‌కు నోట్సు రాసుకుంటుంటే ఆ మాట మొత్తం కథనే తప్పు చేస్తోందని అర్థమైంది.

1868 ఫోర్ట్ లారమీ ఒప్పందం ప్రకారం బ్లాక్ హిల్స్ లకోటాలది. 1876లో అక్కడ చేరినవాళ్లందరూ చట్టం దృష్టిలో అక్రమంగా ఉన్నవాళ్లే. అక్కడ చట్టం లేదు, కోర్టు లేదు. ఆగస్టు 2న పేరుమోసిన తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్‌ను కాల్చి చంపిన జాక్ మెక్‌కాల్‌ను గనివాళ్లే కూర్చుని విచారించి వదిలేశారు. ఆ విచారణ చెల్లదని టెరిటరీ రాజధాని యాంక్టన్‌లో మళ్లీ నడిపి, 1877 మార్చి 1న ఉరితీశారు. అలాంటి చోట భూమికి పట్టా ఎవరిస్తారు? ఊరు టెరిటరీ చట్టం కిందికి వచ్చాక ఈ క్లెయింలు చెల్లుతాయా లేదా అన్న భయం మీదే రెండో సీజన్ కుట్ర నడుస్తుంది. చెల్లవని పుకారు లేపి, భయపడ్డవాళ్ల దగ్గర గనుల కోటీశ్వరుడు జార్జ్ హర్‌స్ట్ తరఫువాళ్లు చవగ్గా కొంటారు. మనవాళ్లు పట్టా చేతిలో ఉందని చదివాక, ఆ భయం ఎందుకో ఎలా అర్థమవుతుంది?

“కబ్జా అను” అన్నాడు బాపు. మాట సరైనదే, కానీ తాము కబ్జా చేశామని ఆ పాత్రలు అనుకోరు. ‘క్లెయిం’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ‘నేను పాతుకున్న హద్దు’ అనే అర్థం మాటల్లో కలిపాను. లకోటాల గురించి మాట్లాడే ఒక చోట మాత్రం బాపు మాటే వాడాను.

మిగతా మాటలు త్వరగా తెగాయి. వాగు ఇసుక కడిగి బంగారం తీయడానికి మనకు జలగడుగు అనే మాట ఉంది, కంసాలి కొట్ల మట్టిని కడిగి బంగారం తీసేవాళ్ల పని. రాతిలో బంగారం పోయే దారి ‘సిర’. ఆల్మా తాగే లాడనమ్‌కు ‘నల్లమందు చుక్కలు’ అని రాస్తే అమ్మకు వెంటనే అర్థమైంది. పట్టా మార్పుకు 6 గంటలు.

ఇప్పటిదాకా: 12 భాగాలు, 405 గంటలు.

దశ 7: బాల్కనీ సీను

రెండో సీజన్ మొదటి భాగం. బులక్ ఇప్పుడు షెరీఫ్. ఆల్మా దగ్గరకు వెళ్లొస్తున్న సంగతి ఊరికి తెలుసు. స్వేరెంజెన్ ఆమె పేరు ఎత్తి రెచ్చగొడతాడు. బులక్ తుపాకీ, బ్యాడ్జీ తీసి పక్కన పెట్టి మీద పడతాడు. ఇద్దరూ కొట్టుకుంటూ బాల్కనీ మీదినుంచి వీధి బురదలో పడతారు. అదే వేళకు మార్తా, విలియం బండిలో వస్తారు.

మొదటి ప్రతిలో రెచ్చగొట్టే మాటకు పెద్ద బూతు వాడాను. బాపు ముఖంలో ఏ మార్పూ లేదు. అతను అప్పటికి ఇలాంటివి వందలు చదివి ఉన్నాడు. ఇంకా పెద్దది పెట్టాను, పని చేయలేదు.

అప్పుడు మూడో మనిషిని చెప్పే పట్టిక తీశాను. స్వేరెంజెన్ మొదటి సీజన్‌లో ఆల్మాను ఎక్కడెక్కడ ఏమన్నాడో వడపోశాను. 57 చోట్ల ఆమె ప్రస్తావన ఉంది. నేను తోచినట్టు 31 చోట్ల ‘ఆమె’, 26 చోట్ల ‘అది’ రాసి ఉన్నాను. ఆ 26లో బులక్ వింటుండగా అన్నవి 4. ఆ నాలుగూ ‘ఆవిడ’ చేశాను. బూతు మొత్తం తీసేసి, బాల్కనీ సీనులో మొదటిసారి బులక్ ముఖం మీద ‘అది’ అనిపించాను.

బాపు కుర్చీలో ముందుకు జరిగాడు. “ఇగ కొడ్తడు,” అన్నాడు. బులక్ బ్యాడ్జీ తీయడానికి ఇంకా టైముంది.

ఈ భాగానికి 31 గంటలు, 803 సబ్‌టైటిళ్లు. హద్దు దాటినవి 9.

ఇప్పటిదాకా: 13 భాగాలు, 9,815 సబ్‌టైటిళ్లు, 436 గంటలు.

మిగిలిన గడి

పట్టికలో ఎల్స్‌వర్త్ వరుస ఖాళీగా ఉంది. ఆల్మా క్లెయింలో పని నడిపించే ముసలి గనివాడు, ఆమెను ఎప్పుడూ గౌరవంగా పిలుస్తాడు. నేను ‘అమ్మగారూ’ అని రాస్తూ వచ్చాను. రెండో సీజన్ ఆఖరులో అతను ఆల్మాను పెళ్లి చేసుకుంటాడు. ఆమె కడుపులో బులక్ బిడ్డ ఉందని తెలిసే చేసుకుంటాడు. ఆ తర్వాత భార్యను అమ్మగారూ అనలేడు. నువ్వు అనే మనిషీ కాదు. పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరో అవుతాడు.

మూడు రోజులు దీని మీదే ఉన్నాను. నిన్న అన్నం తింటుంటే అమ్మ అడిగింది, ఆల్మా పెంచుకునే ఆ పిల్ల పేరేందని. సోఫియా అన్నాను. “ఇంకేంది మరి, సోఫియా వాళ్లమ్మా అంటడు” అంది. అమ్మ నలభై ఏళ్లుగా బాపును నా పేరుతోనే పిలుస్తుంది.

గడిలో రాసుకున్నాను. ‘అమ్మగారూ’ నాలుగు అక్షరాలు, ‘సోఫియా వాళ్లమ్మా’ ఆరు. పిలిచిన ప్రతిసారీ సెకనులో మూడో వంతు ఎక్కువ కావాలి. రెండో సీజన్ ఆఖరి భాగం ఫైలు తెరిచి, అది ఎక్కడెక్కడ దొరుకుతుందో రేపటి నుంచి చూడాలి.